బట్టీ ప్రసంగాలకు ప్రైజులు ఇక చాలు

ఎడిటర్ గారికి,

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, వాటిలో పిల్లలకు వక్తృత్వ పోటీ పెట్టడం మామూలే. అదెలా నడుస్తుందో చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. టీచరో అమ్మో రాసిచ్చిన రెండు పేజీలు బట్టీ పట్టి వచ్చిన పిల్లవాడు "వేదికనలంకరించిన పెద్దలకు" అని ఒక్క ఊపిరిలో అందుకుంటాడు, మధ్యలో ఒక ముక్క మర్చిపోయాడా, మళ్లీ "వేదికనలంకరించిన" దగ్గర్నుంచి మొదలు. ఎక్కడా ఆగకుండా అప్పజెప్పినవాడికి ఫస్ట్ ప్రైజు. కిందకి దిగాక అదే పిల్లవాణ్ణి "నిన్న బళ్లో ఏం జరిగింది నాన్నా" అని అడిగి చూడండి, "ఏం లేదు" అంటాడు. వాణ్ణి అని ఏం లాభం, మనం నేర్పిందే అది.

మాట్లాడటం నేర్చుకోవాలంటే మనకి తెలిసినవి రెండే, స్టేజీ ఉపన్యాసం, స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్. రోజూ మాట్లాడే తెలుగుకి ప్రాక్టీసు ఎందుకండీ అంటారు. ఏ డాక్టరు గారి క్లినిక్‌లోనైనా ఓ గంట కూర్చుంటే ఎందుకో తెలుస్తుంది. "మొన్న మా బావమరిది గృహప్రవేశానికి వెళ్లొచ్చాం సార్, అక్కడ నీళ్లు పడలేదో ఏమో, అంటే ఏంటంటే, మా ఆవిడ వద్దంటూనే ఉంది..." అని పేషెంటు చెప్పుకుపోతుంటే డాక్టరు గారు చీటీ రాసేస్తుంటారు. జ్వరం మూడు రోజుల నుంచీ ఉందనీ, షుగర్ మాత్రలు వాడుతున్నాననీ చెప్పాల్సిన ఆ రెండు ముక్కలూ గుమ్మం దాటాక గుర్తొస్తాయి. డాక్టర్ల తొందరని నేనేమీ వెనకేసుకు రావట్లేదు, అది వేరే ఉత్తరం రాయాల్సిన సంగతి.

108కి ఫోన్ చేసినప్పుడూ ఇంతే. ఈ సర్వీసు 2005 ఆగస్టు 15న మొదలైంది, ఇన్నేళ్లయినా "తొందరగా రండి బాబూ" అని అరవడమే తప్ప ఊరేది, మండలమేది, దగ్గర్లో గుడి ఉందా బడి ఉందా, మనిషికి స్పృహ ఉందా అన్నవి వరసగా చెప్పేవాళ్లు తక్కువ. టెన్షన్‌లో ఎవరికైనా నోరు తడబడుతుంది నిజమే, అందుకే ముందు నుంచీ అలవాటు కావాలి.

దీనికి ఒక పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. 1924లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలైన, నలుగురి ముందు మాట్లాడటం ప్రాక్టీసు చేసుకునే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి, కాకపోతే ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. అక్కడ ఒకరు గడియారం పట్టుకుని కూర్చుంటారు. ప్రసంగం సాధారణంగా ఐదు నుంచి ఏడు నిమిషాలు, ఐదుకి పచ్చ లైటు, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు. ఇంకొకరి పని ఆ మాట్లాడేవాడు ఎన్నిసార్లు "ఆ...", "ఊ..." అన్నాడో లెక్కపెట్టడం. మన దగ్గరైతే "అంటే", "అదే", "యాక్చువల్‌గా" లెక్కపెట్టాలి, ఒక పేజీ సరిపోదేమో! అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించడం కూడా ఉంటుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది, ప్రసంగం అయ్యాక మరొకరు లేచి ఏది బాగుంది, ఏది మార్చుకోవాలి అని మర్యాదగా చెప్పడం. ఎదుటివాడి మాట పూర్తిగా వింటేగానీ ఆ పని చేయలేం కదా.

ఇదే మన శాఖా గ్రంథాలయాల్లో, తెలుగులో, వారానికి ఒక సాయంత్రం ఎందుకు పెట్టకూడదు? ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు, నాలుగు కుర్చీలు, ఒక నోటుపుస్తకం, టైము చూడ్డానికి ఎవరిదో ఒకరి ఫోను. అంశాలు కూడా మామూలువే ఇవ్వాలి: బస్టాండు నుంచి మీ ఇంటికి దారి చెప్పు, పాడైన మిక్సీ గురించి షాపువాడికి గొడవ పడకుండా చెప్పు, అప్పు అడిగిన స్నేహితుడికి నొప్పించకుండా కాదని చెప్పు. ఈ చివరిది పెద్దవాళ్లకి ఇస్తే బాగుంటుంది.

జిల్లా గ్రంథాలయ సంస్థలు ఈ నవంబరులో వక్తృత్వ పోటీ బదులు ఒక్క చోటైనా ఇది నడిపి చూడాలని మనవి. ప్రారంభోపన్యాసం చేసే పెద్దలకీ ఆ ఎర్ర లైటు వర్తింపజేయాలి.

– ఒక రిటైర్డ్ తెలుగు టీచరు, తెనాలి