ఫోన్ ఆన్ అయిందని మెసేజ్ వచ్చింది, ఫోన్ మాత్రం రాలేదు: మంత్రి పెమ్మసాని గారికి బహిరంగ లేఖ

డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,
కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి

అయ్యా, నమస్కారం.

మాది చీరాల. స్టేషన్ రోడ్డులో చిన్న సెల్ షాపు నాది. రీచార్జ్‌లు చేస్తాను, డిస్‌ప్లేలు మారుస్తాను, పాత ఫోన్లు కొని అమ్ముతాను. ఢిల్లీలో ఆ శాఖలో తెలుగు చదివే మంత్రి ఉన్నారు కదా అన్న ధైర్యంతో తెలుగులోనే రాస్తున్నాను.

ఫోన్ పోగొట్టుకున్నవాళ్లు పోలీస్ స్టేషన్‌కి వెళ్లే ముందు మాలాంటి వాళ్ల దగ్గరికే వస్తారు. వచ్చి అడిగే మాట ఒకటే: "అన్నా, నంబర్ కొడితే ఎక్కడుందో చూపిస్తుందట కదా, ఒకసారి చూడవా?"

చూపించదని రోజూ ఎవరికో ఒకరికి చెప్తూనే ఉంటాను. నంబర్ కొడితే మ్యాప్ చూపిస్తామనే సైట్లకి తెలిసేది ఆ నంబర్ సిరీస్ ఏ కంపెనీది, ఏ సర్కిల్‌ది, అంటే ఏ లైసెన్సు ప్రాంతానిది అన్నంత వరకే. మన టెలికాం సర్కిల్ ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ పేరుతోనే ఉంది, తెలంగాణ కూడా అందులోనే. అంటే ఇచ్ఛాపురంలో ఉన్నా ఆదిలాబాద్‌లో ఉన్నా ఆ సైటు చెప్పే జవాబు ఒకటే. నంబర్ మార్చకుండా కంపెనీ మారే వీలు దేశమంతా 2011లోనే వచ్చింది కాబట్టి ఆ కంపెనీ పేరు కూడా నిజమని లేదు. ఈపాటి జవాబు కోసం జనం ఏదో యాప్ దించుకుని కాంటాక్టులు, మెసేజ్‌లు, కెమెరా అన్నిటికీ పర్మిషన్లు ఇచ్చేస్తున్నారు. పోయింది ఒక ఫోను, ఆ తర్వాత రెండో ఫోన్లోని బ్యాంకు డబ్బులు.

ఇంకో రకం వాళ్లూ వస్తారు. కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించి, "మా ఆవిడ నంబర్ ఇస్తాను, ఎక్కడుందో తెలియాలి, ఎంతైనా ఇస్తా" అంటారు. అలాంటి వాళ్లకి నేను పని చెయ్యను. అది నేరం బాబూ అంటే నమ్మరు, "పెళ్లాం ఫోన్ చూసుకుంటే నేరమేంటి" అని నవ్వుతారు. ఆడమనిషి ఫోన్లో, నెట్‌లో ఏం చేస్తోందో దొంగచాటుగా కనిపెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద వెంటాడటమే. ఆమె తెలిసి, ఒప్పుకుని వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపిస్తే అది వేరే సంగతి. ఈ తేడా చెప్పే బోర్డు మీ శాఖ తరఫున తెలుగులో ఒకటి ఉంటే షాపులో అంటించుకుంటాను. నా మాట కన్నా బోర్డు మాటకి విలువెక్కువ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

కిందటి శ్రావణమాసంలో మా వీధి చివర మగ్గం నేసే పిన్ని ఒకామె ఏడుస్తూ వచ్చింది. బాపట్ల నుంచి వస్తుంటే బస్సులో ఫోన్ పోయిందట. కొంగు రంగులు నప్పాయో లేదో ఫోటో తీసి షావుకారుకి పంపేది ఆ ఫోన్లోనే, మజూరీ డబ్బులు పడేదీ దాన్లోనే. ముందు కస్టమర్ కేర్‌కి కొట్టి సిమ్ ఆపించాను, బ్యాంకుకి చెప్పించాను. తర్వాత ఫోన్ ఎక్కడుందో చూపే గూగుల్ ఫైండ్ హబ్‌ని ఆమె జీమెయిల్‌తో తెరుద్దామంటే, "మా వాడు పెట్టాడు నాయనా, పాస్‌వర్డ్ నాకేం తెలుసు" అంది. వాడు హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్నాడు.

"ఫోన్ డబ్బా ఉందా పిన్నీ?"

"ఉంది, నూలు కండెలు పెట్టుకున్నా."

ఇంటికెళ్లి డబ్బా తెచ్చింది. నా కౌంటర్ మీద కండెలన్నీ కుమ్మరించి, అడుగున స్టిక్కర్ మీదున్న 15 అంకెల ఐఎంఈఐ నంబర్లు, అంటే ఫోన్‌ని గుర్తుపట్టే నంబర్లు, రెండూ రాసుకున్నాను. రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు నంబర్లుంటాయి, రెండూ బ్లాక్ చేయించాలి. చాలామంది ఒక్కటే ఇచ్చి వస్తారు. ఫోన్ చేతిలో ఉన్నప్పుడైతే స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొడితే క్షణంలో తెలిసేవి ఇవి. పోయాక డబ్బానే దిక్కు. ఆ డబ్బా ఏ పాత సామాన్ల వాడికో వెళ్లిపోయి ఉంటే కథ అక్కడితో సరి. బిల్లు మీద ఉండాలి కదా అంటారేమో. ఉంటుంది, ఏడాది తిరక్కుండానే ఆ అక్షరాలు వెలిసిపోతాయి.

స్టేషన్‌కి వెళ్లింది. ఏ స్టేషనో రాయను, అక్కడి వాళ్లతో నేను రోజూ మొహం చూసుకోవాలి. "దొంగతనం అని ఎలా చెప్తావమ్మా, నువ్వే పారేసుకుని ఉంటావు" అని పోయినట్టుగా రాసుకుని ముద్ర వేసిచ్చారు. పోయిన ఫోన్లని బ్లాక్ చేసే మీ సీఈఐఆర్ పోర్టల్‌కి ఆ కాగితం చాలు కాబట్టి నేనూ సరేలే అన్నాను. కానీ ఎఫ్ఐఆర్ లేదు, అంటే వెతకాల్సిన కేసూ లేదు.

అక్కడి నుంచి డూప్లికేట్ సిమ్. సిమ్ వచ్చింది, ఓటీపీ రాదు! మోసగాళ్లు సిమ్ మార్చి డబ్బులు లాగేయకుండా, కొత్త సిమ్‌కి మొదటి 24 గంటలు మెసేజ్‌లు ఆపుతారు. ఆ రూలు మంచిదే, నేనేమీ తప్పు పట్టడం లేదు. కానీ ఫోన్ పోయిన మనిషికి ఆ మొదటి రోజే ముఖ్యం కదండీ. పోర్టల్ ఓటీపీ అడుగుతుంది, సిమ్ ఓటీపీ తీసుకోదు. రెండూ మీ శాఖ కిందివే. పిన్నికి ఇంకో రోజు మగ్గం ఆగిపోయింది.

మర్నాడు సీఈఐఆర్‌లో రిక్వెస్ట్ పెట్టాం, ఫోన్ బ్లాకైంది. ఇక్కడి దాకా మీ వ్యవస్థ బాగా పనిచేసిందని ఒప్పుకుంటాను. 2023 మేలో ఈ సౌకర్యంతో సంచార్ సాథీ పోర్టల్ దేశమంతా వచ్చే ముందు మేం చేసేదల్లా కస్టమర్‌కి కుర్చీ వేసి నీళ్లివ్వడమే.

జనానికి అర్థం కానిది ఒకటుంది, మీ వాళ్లు కూడా సరిగ్గా చెప్పరు. సీఈఐఆర్ ఫోన్ ఎక్కడుందో మ్యాప్ మీద చూపించేది కాదు. బ్లాకైన ఫోన్లో ఎవరైనా ఏ సిమ్ అయినా వేస్తే, నెట్‌వర్క్‌కి ఆ ఐఎంఈఐ కనపడుతుంది. ఏ నంబర్ సిమ్ వేశారన్నది దొరుకుతుంది. ఆ వివరం పోలీస్ స్టేషన్‌కి వెళ్తుంది, సొంతదారుకి మెసేజ్ వస్తుంది. సిమ్ ఎవరి పేరు మీద ఉందో పట్టుకుని పోలీసులు వెళ్లాలి. సిమ్ వేయకుండా వైఫైతో వాడుకుంటే ఇందులో పడదు. దేశం దాటిపోయినా పడదు.

మ్యాప్ మీద చుక్క కావాలంటే గూగుల్ వాళ్ల ఫైండ్ హబ్, యాపిల్ వాళ్ల ఫైండ్ మై. ఎవరి ఫోన్ వాళ్లు, వాళ్ల సొంత అకౌంట్‌తో చూసుకోవచ్చు, చట్టానికి ఏ అడ్డూ లేదు. నెట్ లేకపోయినా చుట్టుపక్కల ఫోన్ల బ్లూటూత్ ద్వారా ఆనవాలు దొరికే ఏర్పాటు కూడా ఇప్పుడుంది. కానీ ఆ చుక్కని నమ్మి వెళ్లడం ఎంత ప్రమాదమో నేను చూశాను. వేటపాలెం వైపు కుర్రాడొకడు చుక్క ఒక ఇంటి మీద ఉందని నలుగురు ఫ్రెండ్స్‌ని వేసుకుని వెళ్లి తలుపులు బాదాడు. చుక్క చుట్టూ లేత నీలం వలయం ఒకటి ఉంటుంది, అసలు ఫోన్ ఆ వలయంలో ఎక్కడైనా ఉండొచ్చు. వాడి వలయంలో ముప్పై ఇళ్లకి తక్కువ లేవు. ఆ ఇంటాయన రిటైర్డ్ మాస్టారు. దెబ్బలు తగలకుండా బయటపడ్డారు, అదే పదివేలు. టవర్ లొకేషన్ అయితే ఇంకా వదులు. ఊళ్లలో ఒక టవర్ కిందికి కిలోమీటర్ల మేర పొలాలు, ఇళ్లు అన్నీ వస్తాయి. అది మామూలు మనిషికి ఇవ్వకపోవడమే న్యాయం. సుప్రీంకోర్టు 2017లో గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది, ఆ హక్కు దొంగ ఫోన్ తెలియక కొన్నవాడికీ ఉంటుంది.

అందుకే అయ్యా, ఫోన్ ఎవరి దగ్గరుందో మాకు చెప్పమని నేను అడగడం లేదు. పని ఎంతవరకు వచ్చిందో చెప్పండి చాలు.

బ్లాక్ చేసిన నలభయ్యో రోజున పిన్నికి మెసేజ్ వచ్చింది. ఆమె ఫోన్లో ఎవరో సిమ్ వేశారు, స్టేషన్‌లో సంప్రదించండి అని. అది ఇంగ్లీషులో ఉంటే నాతో రెండుసార్లు చదివించుకుంది. ఫోన్ దొరికినట్టే అనుకుని స్టేషన్‌కి పరిగెత్తింది. "వచ్చింది చూశాం, వేరే రాష్ట్రం నంబర్, చూద్దాం" అన్నారు. రెండు వారాలాగి వెళ్తే, చూసిన రైటర్, అంటే స్టేషన్‌లో రాతపని చూసేవాడు, బదిలీ అయిపోయాడు. కొత్తాయన, "ఎప్పుడు పెట్టారమ్మా?" అని మొదట్నుంచీ అడిగాడు. పోర్టల్‌లో రిక్వెస్ట్ నంబర్ కొడితే బ్లాక్ అయినట్టు చూపిస్తుంది. ఆ పైన ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు.

గుంటూరు నుంచి చీర పార్సిల్ వేస్తే ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది, ఏ కుర్రాడు పట్టుకొస్తున్నాడు, అన్నీ ఫోన్లో కనపడతాయి. అలాగే ఆ సిమ్ వివరం ఏ స్టేషన్‌కి ఏ తేదీన చేరింది, ఎవరు తెరిచి చూశారు, ఆ సిమ్ వాడికి కబురు పెట్టారా లేదా, వేరే జిల్లాకి పంపారా, ఫోన్ స్టేషన్‌కి చేరిందా: ఈ అయిదు ముక్కలు తెలుగులో కనపడితే ఎవరి గోప్యతకీ నష్టం లేదు. రైటర్ బదిలీ అయినా ఫైలు బదిలీ కాదు.

ఇది సాధ్యం కాదని అనలేరు. 2025 అక్టోబర్ ఒక్క నెలలోనే దేశంలో 50 వేలకు పైగా ఫోన్లు సొంతదారులకి చేరాయని మీ శాఖే ప్రకటించింది. మొదట్నుంచీ కలిపి చూస్తే తెలంగాణ, కర్ణాటక ఒక్కోటి లక్ష దాటాయని, మహారాష్ట్ర 80 వేలు దాటిందని అదే ప్రకటనలో ఉంది. ఆ ముందువరస పేర్లలో మన రాష్ట్రం కోసం వెతుక్కున్నాను, లేదు. అదే పోర్టల్, అవే కంపెనీలు, మనకీ తెలంగాణకీ ఒకే టెలికాం సర్కిల్. తేడా ఉంటే స్టేషన్ దగ్గరే ఉండాలి. మన దగ్గరా ఎస్పీ ఆఫీసుల్లో టేబుళ్ల మీద ఫోన్లు వరసగా పేర్చి మేళాలు పెడుతున్నారు, ఫోటోలు చూసి సంతోషిస్తాం. స్టేషన్ల వారీగా ఎన్ని వివరాలు వచ్చాయి, ఎన్ని ఫోన్లు తిరిగిచ్చారు అన్న పట్టిక నెలనెలా పోర్టల్‌లో పెట్టండి. పోలీసులు మీ కింద లేరని తెలుసు. పట్టిక పెట్టడం మీ చేతిలో పనే.

2025 డిసెంబర్ మొదటి వారంలో సంచార్ సాథీ యాప్‌ని ప్రతి కొత్త ఫోన్లో ముందే ఎక్కించాలన్న ఆదేశం మీద గొడవైంది, మీ శాఖ వెనక్కి తీసుకుంది. మంచి పని చేశారు. షాపులో మేమంతా నవ్వుకున్నది ఇంకో కారణానికి. ఫోన్ పోతే యాప్ కూడా దాంతోపాటే పోతుంది కదండీ!

మా వ్యాపారం సంగతి కూడా దాచకుండా చెప్తాను. దొంగ ఫోన్ తిరిగేది మాలాంటి షాపుల గుండానే. నెలకి ఒకడైనా "ఐఎంఈఐ మార్చిపెట్టు" అని వస్తాడు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం దానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అని చెప్పి పంపేస్తాను. అందరూ పంపేస్తారని నేను హామీ ఇవ్వలేను. పాత ఫోన్ కొనేముందు అది బ్లాకైందో లేదో తెలియడానికి ఇంగ్లీషులో కేవైఎం (KYM) అని కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ వేసి 14422కి మెసేజ్ పెట్టి చూసుకుంటాను. పాత ఫోన్లు కొని అమ్మేవాళ్లు సర్కారు డేటాబేస్‌లో చూసుకోవాల్సిందేనని 2025లో రూల్స్ సవరించారు. ఆ చూసుకునే దానికి ఫీజు అంటున్నారు. రెండు వేల రూపాయల ఫోన్ మీద నాకు మిగిలేది రెండు మూడొందలు. ఫీజు పెడితే నిజాయితీగా చూసుకునేవాడికే చేతి చమురు వదులుతుంది, చూసుకోని వాడు హాయిగా ఉంటాడు. చిన్న షాపులకి అది ఉచితంగా ఇవ్వండి.

రైల్లో పోయిన ఫోన్లకి రైల్వే హెల్ప్‌లైన్ 139కి గానీ రైల్ మదద్‌లో గానీ చెప్తే రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వాళ్లే సీఈఐఆర్‌లో పెట్టే ఏర్పాటు 2025లో చేశారు. బస్సులో పోయిన ఫోన్‌కి అలాంటిది లేదు. పిన్ని రైలెక్కి ఉంటే బాగుండేదేమో.

ఆమె ఇప్పుడు కొడుకు పాత ఫోన్ వాడుతోంది. ఆదివారం కూరగాయలకి వచ్చినప్పుడల్లా షాపు మెట్ల దగ్గర ఆగి, "ఏమన్నా తెలిసిందా నాయనా?" అంటుంది. ఆ డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. కండెలు పెట్టుకుంటాను ఇచ్చెయ్యమని మొన్న అడిగింది. రిక్వెస్ట్ నంబర్ దాని మూత మీదే రాసి ఉంది, ఫోన్ వచ్చాక అన్‌బ్లాక్ చేయాలంటే అది కావాలి. ఇంకొన్నాళ్లు ఉండనీ పిన్నీ అన్నాను.

ఇట్లు,
చీరాల స్టేషన్ రోడ్డులో సెల్ షాపు నడుపుకునే ఒకడు