ఒక్క బంతీ లెక్కకు రాని పిచ్చర్

సంపాదకులకు నమస్కారం.

క్రీడల పేజీల్లో వింత రికార్డుల ప్రస్తావన వచ్చినప్పుడు బేస్‌బాల్ పిచ్చర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటి ఆటగాడు) లారీ యౌంట్ పేరు తరచుగా కనబడుతుంది. అమెరికా బేస్‌బాల్‌లో అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఒక మ్యాచ్ ఆడినట్టు నమోదై, ఒక్క బ్యాటర్‌కు కూడా బంతి వేయకుండానే ఆ లీగ్ నుంచి నిష్క్రమించిన ఏకైక పిచ్చర్ ఆయన. విషయం నిజమే, దాన్ని నవ్వుకోవడానికి పనికొచ్చే ముక్కగా అచ్చువేయడం మీదే నా అభ్యంతరం.

1971 సెప్టెంబర్ 15న హూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్‌లో అట్లాంటా బ్రేవ్స్‌తో జరిగిన మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, 21 ఏళ్ల యౌంట్‌ను ఆస్ట్రోస్ జట్టు పిచ్చింగ్‌కు పిలిచింది. అప్పటికే మోచేయి నొప్పిపెడుతోంది. పిచ్చర్ నిలబడి బంతి వేసే దిబ్బ అయిన మౌండ్ ఎక్కి, బ్యాటర్ రాకముందు వేసుకోనిచ్చే సన్నాహక బంతులు కొన్ని వేసి చూసినా నొప్పి తగ్గకపోవడంతో ఆయన తప్పుకున్నాడు. మౌండ్‌పైకి వచ్చిన పిచ్చర్ కనీసం ఒక బ్యాటర్‌నైనా ఎదుర్కోవాలన్నది అప్పటి నియమం. గాయం వల్ల ఇక వేయలేడని అంపైర్ భావిస్తేనే సడలింపు. 2020లో ఆ ఒక్కరి స్థానంలో ముగ్గురు బ్యాటర్లు, లేదా ఇన్నింగ్స్ ముగింపు అన్న నిబంధన వచ్చింది గానీ, గాయానికిచ్చే సడలింపు ఇప్పటికీ ఉంది. యౌంట్‌ను పిచ్చర్‌గా అధికారికంగా ప్రకటించారు కనుకనే ఆ మ్యాచ్ ఆయన ఖాతాలో చేరింది.

ఆ రోజు పంటి బిగువున నాలుగు బంతులు వేసి ఉంటే ఈ వింత పుట్టేదే కాదు. అయితే పిచ్చర్‌కు మోచేయే జీవనాధారం. తెగిన మోచేతి స్నాయువును బాగుచేసే టామీ జాన్ శస్త్రచికిత్సను డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి చేసింది 1974లో. యౌంట్ గాయం అలాంటిదేనని నేననడం లేదు, చేయి పాడైతే మరమ్మతు దొరకని కాలమది అని మాత్రమే అంటున్నాను. మరో అవకాశం వస్తుందనుకునే వయసులో ఆయన చేసింది తెలివైన పనే. ఆ అవకాశం రాలేదు. ఆ తర్వాతి ఏళ్లన్నీ కింది స్థాయి మైనర్ లీగ్‌లలోనే గడిచిపోయాయి.

తమ్ముడు రాబిన్ యౌంట్ 18 ఏళ్లకే మిల్వాకీ బ్రూవర్స్‌కు ఆడి, 3,142 హిట్లతో (బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరడమే హిట్) 1999లో బేస్‌బాల్ దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. వింత కథనాలు అన్నదమ్ముల అంకెలను పక్కపక్కన పెట్టి ముగుస్తాయి. బ్యాటర్‌ను పిచ్చర్‌తో తూచడం నాకు సబబుగా తోచదు.

మీరు ఈసారి లారీ యౌంట్ పేరు పక్కనుండే సున్నాలను ప్రచురించేటప్పుడు మోచేయి సంగతికీ, ఆ నియమానికీ రెండు వాక్యాల చోటివ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు