గీత పడని టెస్టింగ్ గురించి మా కొట్టుకు వచ్చేవాళ్ళకు

ఆచారులకు, పాత బంగారం కొనే సేట్లకు, తాకట్టు కొట్ల వాళ్ళకు, ఇంట్లో నగ సంచిలో చుట్టుకొచ్చి చూపించుకునే అక్కలకు, అమ్మలకు నమస్కారం.

నగలో బంగారం నూటికి ఎంతో చూసి మేం రాసిచ్చే చీటీ ఒకటి పోయిన నెల తప్పు చెప్పింది. ప్రొద్దుటూరు బంగారం బజార్లో ఏ మాటా దాగదు కాబట్టి సగం మందికి ఇప్పటికే తెలిసే ఉంటుంది. మిగతా సగం మందికి అది చిలవలు పలవలుగా చేరకముందే నేనే చెప్పేస్తే నయం.

ఒక పెద్దావిడ జత గాజులు తెచ్చారు. రెండూ కలిపి 46 గ్రాములు. మా ఎక్స్‌రే మిషన్లో పెట్టాం, నూటికి 91.6 వంతులు బంగారమని చూపించింది. చీటీ కొట్టి ఇచ్చాం. ఆ చీటీ చూసి, మాకు ఇరవై ఏళ్ళుగా తెలిసిన ఒక ఆచారి గారు 22 క్యారట్ల లెక్కన డబ్బులిచ్చి వాటిని కొన్నారు. రెండు రోజుల తర్వాత, దీపాలు పెట్టే వేళకు వచ్చి మూడు వస్తువులు కౌంటర్ మీద పెట్టారు. ఒక గాజు కరిగించిన ముద్ద, కరిగించని రెండో గాజు, మా చీటీ.

"ఏందబ్బా ఇది? ముద్ద 86 దాటడం లేదు."

నేను మొదట అన్న మాట ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది. "మూసలో ఇంతకుముందు కరిగించింది ఏదో మిగిలి ఉంటుంది, మిషన్ అబద్ధం చెప్పదు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నా బల్ల సొరుగులోంచే ఆకురాయి తీసి, రెండో గాజు లోపలి వైపు అగ్గిపుల్ల తల అంత మేర రెండు సార్లు రాపాడించి, మళ్ళీ మిషన్లో పెట్టమన్నారు. గీకని చోట 91.6. గీకిన చోట 86.4. అదే గాజు, అదే మిషన్, మధ్యలో ఒక అంగుళం దూరం లేదు.

ఆ ముద్దలోంచి చిన్న ముక్క హాల్‌మార్కింగ్ సెంటర్‌కు పంపి నిప్పు పరీక్ష కూడా చేయించాను. 86.1 వచ్చింది. అంటే జత మీద దాదాపు రెండున్నర గ్రాముల మేలిమి తేడా. ఆ రెండున్నర గ్రాములు ఆచారి గారికి మేమే ఇచ్చాం. గాజులు అమ్మిన పెద్దావిడను ఏమీ అడగలేదు. ఆమెకు తెలిసి చేసింది కాదు. ఏడాది కిందట పెళ్ళికి ముందు ఆ గాజులకు ఎక్కడో మెరుగు పెట్టించుకున్నారు, అంతే.

అసలు కథ ఆ మెరుగులోనే ఉంది. వెలిసిన నగను తేజాబులో, అంటే ఆమ్లంలో కడిగి, పైన మేలిమి బంగారం పూత ఎక్కిస్తారు, కొత్త నగలా పచ్చగా రావడానికి. ఒకటి రెండు మైక్రాన్ల మందం ఉంటుంది, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక సుమారు డెబ్భై మైక్రాన్లు, దాన్ని బట్టి ఊహించుకోండి. ఇంత పల్చటి పొర ఏం చేస్తుందిలే అనుకుంటాం. మా మిషన్‌ను బోల్తా కొట్టించడానికి అది చాలు.

ఎలాగో చెప్తాను. చాలామంది దీన్ని డాక్టరు దగ్గర ఎక్స్‌రే లాంటిదే అనుకుంటారు, నగ ఈ వైపు నుంచి ఆ వైపుకు మొత్తం కనపడుతుందనుకుంటారు. ఎముకల ఎక్స్‌రేలో కిరణం ఒంట్లోంచి దూరి అవతలికి వస్తుంది. ఇక్కడ అలా జరగదు. మిషన్ అడుగున ఉన్న గొట్టం నుంచి కిరణం నగకు తగులుతుంది. తగిలిన చోట పరమాణువు లోపలి గూట్లో ఉన్న ఒక ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. ఖాళీ అయిన గూట్లోకి పై గూటి ఎలక్ట్రాన్ దిగుతుంది. దిగుతూ, తన దగ్గర మిగిలిన శక్తిని మళ్ళీ ఎక్స్‌రేగానే బయటికి వదుల్తుంది. ఆ వదిలిన కిరణం శక్తి ఏ లోహానికి ఆ లోహానికే ప్రత్యేకం. ఆ శక్తిని కొలిచే కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో చెప్పాలంటే రాగిది 8.05, బంగారానిది 9.71, వెండిది 22.16. ఏ శక్తి దగ్గర ఎన్ని కిరణాలు వచ్చాయో లెక్కపెట్టుకుని, ఇంత బంగారం, ఇంత రాగి, ఇంత వెండి అని మిషన్ లెక్క కడుతుంది. ఈ శక్తులు మూలకాల వరుస సంఖ్యతో పాటు ఒక పద్ధతిగా పెరుగుతాయని 1913లో కనిపెట్టింది మోస్లీ అనే ఇంగ్లండ్ కుర్రాడు. రెండేళ్ళకే మొదటి ప్రపంచ యుద్ధంలో, గలిపోలిలో చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్ళు. మన బజార్లో రోజూ తెగే బేరాలన్నీ ఆయన కనిపెట్టిన ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి.

చిక్కు ఏమిటంటే, బంగారం చాలా బరువైన లోహం. లోపల పుట్టిన కిరణాన్ని బయటికి రానివ్వదు, తనలోనే మింగేస్తుంది. మాకు చేరేదాంట్లో ఎక్కువ భాగం పైనున్న నాలుగైదు మైక్రాన్లలో పుట్టినదే. పది మైక్రాన్ల కిందిది ఇక వినపడనట్టే. పైన మైక్రానున్నర మేలిమి ఉంటే, వచ్చే లెక్కలో నూటికి దాదాపు నలభై వంతులు ఆ పూతదే అవుతుంది. కింద 86 ఉన్నా చీటీ మీద 91.6 పడుతుంది. మిషన్ అబద్ధం చెప్పలేదన్న నా మాట నిజమే. తను చూసిన తోలు గురించే చెప్పింది. దాన్ని గాజు మొత్తానికి చెప్పినట్టు చీటీ మీద అచ్చు కొట్టింది నేను.

ఇక్కడ మా నాయన సంగతి చెప్పాలి. ఆయన గీటురాయి మీద చూసేవాడు. నగ తీసుకోగానే కనపడని మూల ఒకటి వెతికి, ముందు ఆకురాయితో కాస్త గీకి, ఆ గీకిన చోటునే రాయి మీద రుద్దేవాడు. తర్వాత ఆ గీత మీద తేజాబు చుక్క. చిన్నప్పుడు నేను, "నాయనా, ఊరికే ఎందుకు గీకుతావు, వాళ్ళు బాధపడుతున్నారు గదా" అనేవాణ్ణి. 2013లో మిషన్ తెచ్చిన రోజు బోర్డు మీద పెద్దక్షరాలతో "గీత పడదు, కరిగించం, రెండు నిమిషాల్లో రిజల్ట్" అని రాయించింది నేనే. కొట్టు ఆ మాట మీదే పెరిగింది. ఆ బోర్డు మొన్న దించేశాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి, ఇది ఎవరూ అడగలేదు గానీ. మా పాత మిషన్లో వచ్చిన కిరణాలను పట్టి లెక్కపెట్టేది గ్యాస్ గొట్టం డిటెక్టర్. చవక, మొండిది, కరెంటు ఎగుడుదిగుడులకు తట్టుకుంటుంది. కాకపోతే దాని చూపు మసక. ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టు లోపు తేడా ఉన్న రెండు లోహాలు దానికి ఒకే కుప్పగా కనపడతాయి. ఇరీడియం అనే లోహం పొడి కలిపి బంగారం బరువు పెంచే మోసం మన వ్యాపారంలో కొత్తది కాదు. ఇరీడియం కిరణం 9.18 దగ్గర వస్తుంది, బంగారం 9.71 దగ్గర. పాత డిటెక్టర్ రెండింటినీ కలిపి బంగారం ఖాతాలో వేసేస్తుంది. నీళ్ళలో తూచి పట్టుకుందామన్నా కుదరదు, ఇరీడియం బంగారం కన్నా బరువైనది. అది బంగారంలో కరగదు కూడా. బంగారం 1064 డిగ్రీలకు కరిగితే ఇరీడియానికి 2400 దాటాలి. అందుకే ఇసుక రేణువుల్లా అలాగే ఉండిపోతుంది. తీగను సన్నగా సాగదీసే కమ్మచ్చులో లాగుతుంటే పుటుక్కుమని తెగితేనో, మెరుగు పెట్టేటప్పుడు గట్టి చుక్కలు తగిలితేనో ఆచారులకు తెలుస్తుంది. ఈ రెండేళ్ళలో అలా తీగ తెగిందని ముగ్గురు వచ్చి చెప్పారు. ముగ్గురికీ "కడ్డీ సరిగా కాగలేదేమో" అని చెప్పి పంపాను. వాళ్ళలో ఎవరిది నిజంగా ఇరీడియమో ఇప్పుడు చెప్పలేను. ఆ కడ్డీల్లో ముక్క ఏమైనా మిగిలి ఉంటే తీసుకురండి, కొత్త మిషన్లో ఉచితంగా చూస్తాను.

అవును, కొత్త మిషన్ తీసుకుంటున్నాం. సిలికాన్ డిటెక్టర్‌ది. పాతదానికన్నా ఏడెనిమిది రెట్లు సన్నటి తేడా పట్టుకుంటుంది, ఇరీడియాన్ని, బంగారాన్ని విడివిడిగా చూపిస్తుంది. బ్యాంకు లోన్ తీసుకున్నాను. వాయిదా తల్చుకుంటే టెన్షన్‌గానే ఉంది. కానీ ముందే చెప్తున్నా, కొత్త మిషన్‌కు కూడా పూత కింద ఏముందో కనపడదు. ఎంత ఖరీదు పెట్టినా బంగారం తోలు బంగారం తోలే. దానికి మందు ఆకురాయి ఒక్కటే.

కాబట్టి ఇక నుంచి పద్ధతి మారుతుంది. నగను గీకనివ్వకపోతే చీటీ మీద "పై పొర మాత్రమే" అని అచ్చు పడుతుంది. ఆ చీటీ పట్టుకుని కొనొద్దు, అప్పు ఇవ్వొద్దు. రెండు తులాలు దాటిన నగ ఏదైనా అమ్మకానికో తాకట్టుకో అయితే, మీ ఎదురుగానే, కనపడని చోట, రెండు మిల్లీమీటర్ల మేర ఆకురాయితో గీకి చూస్తాం. మా కిరణం వెడల్పు ఒక మిల్లీమీటరు, అందుకే అంత చోటు కావాలి. రాలిన పొడి కాగితంలో పెట్టి మీకే ఇస్తాం. మూడు చోట్ల చూస్తాం, టంకం పెట్టిన అతుకు దగ్గర కూడా. అతుకులో కాడ్మియం అనే విషపు లోహం ఉంటే అది విడిగా రాస్తాం. కాడ్మియం పొగ పీల్చేది రేపు దాన్ని కరిగించే ఆచారే కదా. పది నిమిషాలు పడుతుంది. యాభై రూపాయల చీటీ నూరు రూపాయలవుతుంది. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి.

కరిగించి చూడమంటే అది ఇంకా మేలు. కరిగించి బాగా కలిపిన ముద్దలో పైనా లోపలా ఒకటే, అక్కడ మిషన్ మాట నమ్మొచ్చు. అప్పుడు కూడా నూటికి పావు వంతు అటూ ఇటూ ఉంటుంది. అంతకన్నా ఖచ్చితంగా కావాలంటే నిప్పు పరీక్షే. నమూనాలో వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి కొలిమిలో పెడతారు. సీసం రాగిని వెంటబెట్టుకుని పోతుంది. మిగిలిన గుండును రేకుగా సాగదీసి, నైట్రిక్ ఆమ్లంలో వేస్తే వెండి కరిగిపోయి బంగారం ఒక్కటే మిగులుతుంది. దాన్ని తూస్తారు. మన పెద్దల పుటం పెట్టడమే, కాకపోతే తక్కెడ మిల్లీగ్రాముల్లో కూడా భిన్నాలు చూపిస్తుంది. ఇది మా దగ్గర లేదు, సెంటర్‌కు పంపాలి.

మా చీటీని హాల్‌మార్క్ అనుకునేవాళ్ళు ఇంకా వస్తున్నారు. కాదు. కొత్త నగ కొనేటప్పుడు దాని మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి, హాల్‌మార్క్ తప్పనిసరి చేసిన చోట్ల అది లేకుండా షాపులు అమ్మకూడదు. ఫోన్లో హాల్‌మార్క్ చూసుకునే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే నగ రకం, స్వచ్ఛత కనపడతాయి. దానికి మా దగ్గరికి రానక్కర్లేదు, డబ్బులూ ఖర్చు కావు.

రాళ్ళ గురించి కూడా ఒక మాట. కెంపు అసలుదా, ఫ్యాక్టరీదా చెప్పమంటారు. చెప్పలేం. గాలిలో పెట్టి చూసే మా మిషన్‌కు కెంపులోని అల్యూమినియం, ఆక్సిజన్ దాదాపు కనపడవు. అవి విడిచే కిరణాలు గాలిలోనే ఆగిపోతాయి. స్ఫటికం లోపలి అమరిక చూసే ఎక్స్‌రే మిషన్లు వేరే ఉన్నాయి, యూనివర్సిటీల్లో ఉంటాయి. అక్కడికి తీసుకెళ్ళినా రాయి గాజా, స్ఫటికమా అన్నది తేలుతుంది గానీ గనిలో పుట్టిన కెంపుకు, కొలిమిలో పెంచిన కెంపుకు అమరిక ఒకటే. ఆ తేడా మైక్రోస్కోపు కింద లోపలి మచ్చలు చూసే రత్న పరీక్షకులే చెప్పాలి. మేం చెప్పగలిగింది ఒక్కటి. పగుళ్ళలో సీసపు గాజు నింపి మెరిపించిన కెంపైతే, మిషన్ తెర మీద సీసానికి సంబంధించిన గీత లేస్తుంది. మొన్న ఒక అక్క ఉంగరంలో అలాగే లేచింది. ఆమె మొహం చూశాక చెప్పకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఎక్స్‌రే తగిలిన నగ పసిపిల్లలకు వేయొచ్చా అని వారానికి ఒకరైనా అడుగుతారు. వేయొచ్చు. గొట్టం ఆగగానే కిరణం ఆగుతుంది, నగలో ఏమీ నిలవదు. మూత తెరిస్తే మిషన్ దానంతట అదే ఆగిపోతుంది.

ఉగాది తర్వాత మా చీటీ చూసి, మెరుగు పెట్టిన పాత నగ కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, నగ, చీటీ రెండూ తీసుకురండి. గీకి చూసి, తేడా వస్తే మాట్లాడుకుందాం. అందరికీ ఒకేసారి మేలిమి ఇచ్చే స్తోమత నాకు లేదు, వాయిదాల్లో ఇస్తాను. నగ కరిగించేసి ఉంటే, కరిగించిన చోటి చీటీ చాలు.

వచ్చే శుక్రవారం మిషన్ బిగించేవాళ్ళు వస్తున్నారు. శుక్ర, శనివారాలు టెస్టింగ్ ఉండదు, కుంపటి పని మాత్రం మామూలే. ఆచారి గారు కూడా ఆ రోజు వచ్చి కూర్చుంటానన్నారు. రెండో గాజు ఆయన ఇంకా కరిగించలేదు. కొత్త మిషన్లో మొదట పెట్టేది దాన్నే.