కాలనీ సంఘం 2023-24 వార్షిక నివేదిక: ఈ ఏడాది మన పిల్లలు రాసిన పరీక్షలు

అధ్యక్షులకు, కార్యవర్గానికి, ఇంత ఎండలోనూ హాలుకు వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

ఏటా చేసేవన్నీ ఈ ఏడాదీ చేశాం. వినాయక చవితికి మట్టి విగ్రహాలు పంచాం, బతుకమ్మ ఆడాం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టాం, చలివేంద్రం మార్చిలోనే తెరిచాం. ఫొటోలు మీరంతా గ్రూపులో చూసినవే. ఈసారి నేను ముఖ్యంగా చెప్పాల్సింది స్క్రైబ్‌లుగా వెళ్లిన మన పిల్లల గురించి.

చూపు లేని విద్యార్థి జవాబు చెబుతుంటే పక్కన కూర్చుని రాసిపెట్టే పని ఇది. మనం చేద్దామన్నా కుదరదు. 2018లో కేంద్రం ఇచ్చిన, ఈ ఏడాది పరీక్షలకు వర్తించిన మార్గదర్శకాల ప్రకారం, అభ్యర్థి స్క్రైబ్‌ను తానే తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి. పదో తరగతి పరీక్షకు తొమ్మిదో తరగతి పిల్లలు కావాలి. గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇస్తారు కాబట్టి మూడు గంటల పేపరు నాలుగు గంటలవుతుంది. తొమ్మిదిన్నరకు కూర్చున్న పిల్ల ఒంటిగంటన్నరకు లేస్తుంది. అది కూడా ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో, తోటి పిల్లలు ఇంటికి పోయి నిద్రపోయే వేళకు.

జనవరి నుంచి ఆదివారాలు ఈ హాల్లోనే శిక్షణ ఇచ్చాం. నేర్పింది రెండే విషయాలు: చెప్పింది చెప్పినట్టు రాయడం, రాసింది చదివి వినిపించడం. లెక్కల్లో బ్రాకెట్ ఎక్కడ తెరవాలో ఎక్కడ మూయాలో, లవం ఏదో హారం ఏదో నోటితో చెప్పించుకోవడానికే నాలుగు ఆదివారాలు పట్టింది. శిక్షణకు వచ్చిన రిటైర్డ్ లెక్కల మాస్టారికి, పిల్లలకు టిఫిన్లు చేసి పంపిన మహిళా విభాగానికి, సెంటర్ల దగ్గర దింపి వచ్చిన ఆటో అన్నలకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

సాంఘిక శాస్త్రం పరీక్ష రోజు మన కాలనీ అమ్మాయి ఒకరు వెళ్లింది. ఇంగ్లిష్ మీడియం పిల్ల. అభ్యర్థి 'ప్రజాస్వామ్యం' అన్నాడు. ఈ పిల్ల రాసి, చదివి వినిపిస్తూ ఆ మాట దగ్గర తడబడింది. అతనికి అర్థమైంది. ''చెల్లీ, స కింద వ ఒత్తు, మ కింద య ఒత్తు'' అని నెమ్మదిగా చెప్పాడట. తర్వాత పేపరంతా అలాగే, అనుమానం వచ్చిన ప్రతి మాటా అడిగి రాసింది. ఇప్పుడు రోజూ పొద్దున తాతగారికి తెలుగు పేపరు పైకి చదివి వినిపిస్తోందని వాళ్లమ్మ చెప్పారు. పదేళ్లుగా ట్యూషన్‌కు పంపినా రాని ఆసక్తి ఒక్క పూటలో వచ్చిందన్నారావిడ.

ఇంకో అబ్బాయి సైన్స్ పరీక్ష నుంచి కళ్లలో నీళ్లతో బయటికొచ్చాడు. ''అంకుల్, ఆ జవాబు తప్పని నాకు తెలుసు. అయినా చెప్పినట్టే రాశాను'' అన్నాడు. నాకు మాట రాలేదు, భుజం తట్టి ఊరుకున్నాను. పద్నాలుగేళ్ల పిల్లాడు, ఎవరూ చూడని చోట, తనకు తెలిసింది తన దగ్గరే ఉంచుకుని నిజాయితీగా కలం నడిపాడంటే నాకు అంతకంటే గర్వం లేదు.

డిగ్రీ పిల్లలు పాఠాలు ఫోన్లో రికార్డు చేసిపెట్టారు. కాలేజీల్లో ఉండే ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం)లో ఏడాదికి 120 గంటలు, రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. గంటల కోసం వచ్చినవాళ్లూ ఉన్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ గంటలు నిండాక కూడా గ్రూప్స్‌కు చదివే చూపు లేని అభ్యర్థుల కోసం చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని నోట్స్ చదివి రికార్డు చేసినవాళ్లను ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. వాళ్లలో ఒకమ్మాయికి పదిమందిలో నోరు విప్పాలంటే టెన్షన్. మొన్నటి బ్యాచ్‌కు శిక్షణ ఇచ్చింది ఆ అమ్మాయే.

ఇక బాధపడిన విషయాలూ చెప్పాలి. పరీక్షకు రెండు రోజుల ముందు అభ్యర్థి తన స్క్రైబ్‌ను కలిసి చూసుకోవచ్చని అవే మార్గదర్శకాల్లో ఉంది. మనకు మాత్రం అనుమతి కాగితం ముందురోజు సాయంత్రం చేతికొచ్చింది. అంతకుముందు ఆ అనుమతి ఇచ్చే ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాం. ఒక స్కూలు, క్లాసులు పోతాయంటూ పిల్లలను పంపనంది. వాటికంటే నొప్పించింది మనవాళ్ల తీరు. పేర్లిచ్చి, శిక్షణకూ వచ్చి, పరీక్ష రోజు ఉదయం ఫోన్ ఎత్తనివాళ్లున్నారు. ఏడాదంతా చదివిన పిల్లవాడు గేటు దగ్గర స్క్రైబ్ కోసం ఎదురుచూడటం నేను కళ్లారా చూశాను. అప్పటికప్పుడు రిజర్వులో ఉన్న పిల్లను పంపించాం కాబట్టి సరిపోయింది. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: పంపలేకపోతే ముందే చెప్పండి.

జమాఖర్చుల పట్టిక మీ చేతుల్లో ఉంది, ఆడిటర్ సంతకం అయింది. స్క్రైబ్ పనికి ప్రయాణం, భోజనం తప్ప వేరే ఖర్చు రాలేదు. చందా బాకీలు ఈ నెలాఖరులోగా కట్టాలి.

జూన్ 12న బడులు తెరవగానే కొత్త బ్యాచ్ మొదలుపెడతాం. తొమ్మిదో తరగతికి వెళ్లే పిల్లలున్న ఇళ్లవాళ్లు వెళ్లేముందు నా దగ్గరున్న రిజిస్టర్లో పేరు, తల్లిదండ్రుల సంతకం రెండూ వేసి వెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి