వార్షిక నివేదిక 2024–25: పారిజాతాలు, నువ్వులు, కొన్ని పొరపాట్లు

మన అపార్ట్‌మెంట్ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది లిఫ్టు బాగు చేయించాం, సంపు కడిగించాం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టాం. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో నోటీసు బోర్డు మీద ఉంది. అయితే ఎంవీపీ కాలనీలో ఎవరు ఎదురైనా నన్ను అడిగేది ఒకటే: "ఆ సెంటు సంగతి ఏమైందండీ?" అందుకే కార్యదర్శిగా ఈసారి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

శరన్నవరాత్రులు అక్టోబర్ 3న మొదలయ్యాయి. అంతకు రెండు వారాల ముందే మహిళా విభాగం వాళ్ళు, పండగలకు సెంటు మనమే చేసుకుందాం అన్నారు. మొదట పట్టుకున్నది చలి దేశాల పద్ధతి: దాల్చిన చెక్క, లవంగం, వనిల్లా. ఆకులు రాలి, స్వెట్టర్లు బయటికి తీసే చోట ఆ వాసన హాయిగా ఉంటుందేమో. మనకేమో ఉక్క, చెమట. అది రాసుకుని మధ్యాహ్నం మూడంతస్తులు ఎక్కి వచ్చిన కోశాధికారి గారిని పిల్లలు "అంకుల్, బిర్యానీ తెచ్చారా?" అని చుట్టుముట్టారు. ఇంకొకావిడకి మోచేతి మడతలో దద్దుర్లు వచ్చాయి. ఆరా తీస్తే 10 మి.లీ. నూనెలో ఎనిమిది చుక్కల లవంగ నూనె పోశారని తేలింది. ఒక్క చుక్క దాటకూడదు. అది కూడా ముందు చేతి మీద కాస్త రాసి ఒక రోజు ఆగి చూశాకే.

అప్పుడు గుర్తొచ్చింది బి-బ్లాక్ వెనకాల పారిజాతం చెట్టు. తెల్లవారేసరికి కింద తెల్లటి దుప్పటి పరిచినట్టు ఉంటుంది. ఎండ ఎక్కేసరికి ఆ పూలు గోధుమ రంగుకు తిరిగిపోతాయి కాబట్టి ఐదున్నరకే బుట్టలు పట్టుకుని దిగాలి. ఇంత సున్నితమైన పూలను మరిగించి వాసన తీయలేం. కొవ్వుకి పట్టించాలి. గడ్డకట్టిన కొబ్బరినూనె మీద పూలు పరిచి రోజూ మారుస్తూ పోతే చాలన్నారు. కానీ కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. విశాఖలో దసరా రోజుల్లో అర్ధరాత్రి కూడా గడ్డకట్టనే లేదు. సరేనని పళ్ళెం ఫ్రిజ్‌లో పెట్టాం. నాలుగు రోజుల తర్వాత మూత తీస్తే పారిజాతం వెనకాల నిన్నటి సాంబారు కూడా గుబాళించింది. కొవ్వుకి పూలని, పులుసని తేడా ఉండదు మరి.

శ్రీకాకుళం నుంచి కూతురింటికి వచ్చిన మామ్మగారు ఆ పళ్ళెం చూసి నవ్వారు. "కొబ్బరినూనెకి ఏటి పడుతుందమ్మా, నువ్వుల్లో ఎయ్యండి" అన్నారు. సంపెంగ నూనె, మల్లె నూనె పూర్వం చేసిన తీరు ఇదే: నువ్వులకు వాసన పట్టించి, ఆ నువ్వుల్ని గానుగ ఆడించడం. పూర్ణా మార్కెట్ నుంచి తెల్ల నువ్వులు తెచ్చాం. ఒక వరస నువ్వులు, ఒక వరస పూలు, పైన పల్చటి గుడ్డ. మర్నాడు పొద్దున్నే జల్లించి పాత పూలు తీసేసి కొత్తవి పరచడం. పూల మీద మంచు తడి ఉంటే బూజు పడుతుంది. ఒక పళ్ళెం అలాగే పోయింది కూడా. ఆ తర్వాత పూలను ముందు ఫ్యాను కింద పాత చీర మీద ఆరబోశాం. తొమ్మిది రోజులు గడిచేసరికి నువ్వుల్ని గుప్పిట్లో నలిపితే చాలు, చెయ్యంతా పారిజాతమే.

గానుగ దగ్గర ఐదు కిలోల కన్నా తక్కువైతే ఆడం అన్నారు. మా దగ్గర ఉన్నవి మూడే. మామూలు నువ్వులు కలిపితే తొమ్మిది రోజుల కష్టం పలచబడిపోతుంది. మళ్ళీ పూల కోసం పరుగు. చివరికి రెండు లీటర్లకు కొంచెం తక్కువ నూనె వచ్చింది.

పారిజాతం నూనె ఒక్కటే అయితే ఒంటి మీద గంట నిలవదు. అందుకని కొంత నూనెను గోరువెచ్చగా చేసి అందులో వట్టివేళ్ళు రెండు వారాలు నానబెట్టి, వడకట్టి కలిపాం. పువ్వు వాసన ముందు తగులుతుంది, వేరు వాసన సాయంత్రం దాకా ఉంటుంది. కొసరుగా జాజికాయ, చిటికెడు పచ్చకర్పూరం. కర్పూరం కలిసింది పసిపిల్లలకు రాయకూడదు, వాళ్ళకు ప్రమాదం. స్పిరిట్ జోలికి పోలేదు. దాని వాసన పూలని మింగేస్తుంది. పైగా పరిశ్రమల స్పిరిట్‌లో మిథనాల్ ఉండవచ్చు, అది విషం.

చెమటకి నూనె జారిపోతోందని కొంత భాగాన్ని గట్టి సెంటుగా చేశాం. తేనెమైనం ఒక వంతు, నూనె మూడు వంతులు. పోయడానికి ఏటికొప్పాక లక్కపూత చెక్క కుంకుమ భరిణెలు తెచ్చాం. మొదటి భరిణెల్లో నూనెను చెక్క తాగేసింది. తర్వాతి వాటికి లోపల ముందు ఉత్త మైనం పూత వేశాం. వేడి మీద పోస్తే పైన లక్క మెత్తబడుతుంది కాబట్టి, అంచుల్లో పొర కట్టడం మొదలయ్యాకే పోయాలి. నవంబర్ 15న కార్తీక పౌర్ణమికి దీపాలతో పాటు ఇంటింటికీ ఒక భరిణె ఇచ్చాం.

స్టాల్ పెట్టి అమ్ముదామన్న ప్రతిపాదన వచ్చింది. అమ్మకానికి సౌందర్య సాధనాలు తయారు చేయాలంటే లైసెన్సు కావాలి. ఆ టెన్షన్ మనకెందుకని కమిటీ వద్దంది. కొందరు నొచ్చుకున్నారు, నాకు తెలుసు. అయినా నా మాట మారదు.

వచ్చే ఏడాదికి ఐదు కిలోల నువ్వులు ముందే కొనాలని తీర్మానించాం. కానీ పూలో? పార్కింగ్ కోసం బి-బ్లాక్ చెట్టు కొట్టేయాలని జూన్‌లో వచ్చిన అర్జీ ఇంకా ఫైల్లోనే ఉంది. సంతకం పెట్టిన వాళ్ళలో ముగ్గురు కార్తీకంలో రెండో భరిణె అడిగి పుచ్చుకున్నారు. సర్వసభ్య సమావేశంలో అది 4వ అంశం. ఓటింగ్ ఉంటుంది, తప్పకుండా రండి.

ఇట్లు,
కార్యదర్శి