ఎక్సైజ్ మంత్రి గారికి: నాది 99 రూపాయల క్వార్టరే

ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ శాఖ మంత్రి గారికి,

తణుకు నుంచి ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ నమస్కరించి రాసేది.

పోయిన శనివారం సాయంత్రం వైన్ షాపు కిటికీ దగ్గర నిలబడి 99 రూపాయల బ్రాందీ క్వార్టర్ ఒకటి ఇమ్మన్నాను. లోపలి కుర్రాడు నా కళ్ళజోడు చూశాడు, ఇస్త్రీ చొక్కా చూశాడు. "అది లేదండీ, ఇది తీసుకోండి, బాగుంటుంది" అంటూ అంతకు రెట్టింపు ధరది ముందుకు తోశాడు. నేనడిగిన సీసాలు వాడి కాళ్ళ దగ్గర అట్టపెట్టెలోనే ఉన్నాయి. మూతలు నాకు కనబడుతూనే ఉన్నాయి. "బాబూ, ఆ కింద పెట్టెలోది" అన్నాను. ఇంతలో వెనక నుంచి ఒక గొంతు: "మాస్టారూ, మీరేంటండీ ఇది తాగడం! ఉండండి, నేనిప్పిస్తాను."

ఎప్పుడో ఇంటర్‌లో మోల్ కాన్సెప్టు దగ్గర నన్ను ఏడిపించిన శిష్యుడు. ఇప్పుడు రొయ్యల చెరువులు చేస్తున్నాడు. వాడిది మంచి మనసే, కాదనను. కానీ ఆ గొంతులోని జాలి ఉంది చూశారూ, అది నాకు రెండు రోజులు అరగలేదు. నాకు పింఛనొస్తోందిరా, ఇల్లు సొంతం, అప్పుల్లేవు అని కిటికీ ముందు నిలబడి లెక్క చెప్పుకోవాల్సి వచ్చింది.

కాబట్టి మంత్రి గారూ, సూటిగా చెప్పేస్తాను. నాకు చౌక మందే ఇష్టం. గతిలేక కాదు, దాని రుచికే. మీ శాఖ రాసే ప్రతి పాలసీలోనూ నాలాంటివాడు ఒక్కడూ కనబడడు. చౌక సీసా తాగేవాడంటే డబ్బుల్లేనివాడు, డబ్బు రాగానే పై మెట్టు ఎక్కేవాడు అనే లెక్క తప్ప ఇంకోటి లేదు. 2026 సెప్టెంబరు 30తో ఈ పాలసీ గడువు తీరుతుంది. కొత్తది రాసేటప్పుడు ఈ ఉత్తరం ఎవరైనా ఫైల్లో పెడతారేమోనని ఆశ.

నా శనివారం ఇలా ఉంటుంది. కుండలో నీళ్ళు, స్టీలు గ్లాసు, సగం నిమ్మచెక్క. పల్లీలు వేయించి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి మా ఆవిడ ఒక గిన్నెలో పెడుతుంది. ఆవిడకి చిరాకుగా ఉన్న వారం పల్లీలు మాత్రమే ఉంటాయి, ఉల్లిపాయ నేనే తరుక్కోవాలి. సీసా మూత తిప్పగానే మాడీ మాడని బెల్లప్పాకం వాసన ఒకటి వస్తుంది. అది కారమెల్ అని నాకు తెలుసు, క్లాసులో చెప్పినవాణ్ణే. అయినా ఆ వాసన నన్ను నేరుగా చిన్నతనంలోకి తీసుకుపోతుంది. మాది చక్కెర ఫ్యాక్టరీ ఊరు. చెరకు గానుగ సీజన్లో ఊరంతా మొలాసిస్ వాసనే, అంటే చక్కెర తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం. ఎడ్లబండి వెనక చెరకు గడ లాక్కుని పరిగెత్తిన రోజులు ఆ మొదటి గుక్కలో ఉంటాయి. పన్నెండేళ్ళు పీపాలో ఉంచిన ఖరీదైన సింగిల్ మాల్టు విస్కీలో అవి నాకెక్కడ దొరుకుతాయి?

అదీ తాగి చూశాను. మా అక్క కొడుకు డల్లాస్ నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీలో కొని తెచ్చాడు. చెక్కపెట్టె, లోపల పట్టుగుడ్డ, పెళ్ళికూతుర్ని పెట్టినట్టు పెట్టారు సీసాని. నలుగురం చుట్టూ కూర్చున్నాం. నీళ్ళు కలపబోతే వాడు చెయ్యి పట్టుకున్నాడు. "మావయ్యా, దీన్ని ఇలాగే సిప్ చెయ్యాలి." చేశాం. టింక్చర్ అయోడిన్, పక్కన ఎవరో తడికట్టెలు రాజేసినట్టు పొగ. ఎవరూ మాట్లాడలేదు. చివరికి మా తోడల్లుడు, నిజాయితీపరుడు, "బానే ఉందిరా, కానీ మందులా లేదు" అన్నాడు. ఆ మాల్టు తప్పేమీ లేదు. దాన్ని ఇష్టపడేవాళ్ళు ఇష్టపడతారు. నా నాలుక వేరు, అంతే. కాకరకాయ నచ్చనివాణ్ణి పేదవాడని ఎవరూ అనరు కదా!

ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు, అలవాటు. స్కాచ్ అనిపించుకోవాలంటే ధాన్యంతో కాచాలి, స్కాట్లండ్‌లో ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్ళు పడుకోబెట్టాలి. బ్రాందీ అంటే అసలు ద్రాక్షది. మన దగ్గర మామూలు విస్కీకైనా, బ్రాందీకైనా తల్లి ఒకటే: ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్, ఈఎన్ఏ అంటారు. మొలాసిస్ నుంచి తీస్తారు, లేదా నూకల్లాంటి ధాన్యం నుంచి. రంగూ రుచీ లేనంతగా శుద్ధి చేసి, నీళ్ళు, కారమెల్, ఎసెన్సు కలిపితే చౌక సీసా. దాన్లోనే కొంత మాల్టు స్పిరిట్, అంటే మొలకెత్తించిన బార్లీతో కాచింది, కొంత స్కాచ్ కలిపి, బరువైన గాజుసీసాలో పోసి, బంగారు రంగు అట్టపెట్టెలో పెడితే, దేశవాళీ ప్రీమియంలో చాలా భాగం అదే. మొలాసిస్ స్పిరిట్‌తో చేసినదాన్ని యూరప్‌లో విస్కీ అని అమ్మనివ్వరు. ఆ లెక్కన నేను బ్రాందీ అనుకుంటున్నది, చెరకు నుంచే తీసే రమ్ముకి పినతల్లి కూతురు. నాకేం నామోషీ లేదు, చెరకు ఊరివాణ్ణే కదా.

బలం సంగతా? సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అంటే అందులో అసలు సరుకు 77 మిల్లీలీటర్లు. 99 రూపాయల దాంట్లోనూ అంతే, వెయ్యి రూపాయల దాంట్లోనూ దాదాపు అంతే. కాలేయం రేటు చూసి ఊరుకోదు. పైగా ఏళ్ళ తరబడి పీపాలో ఉన్నవాటిల్లో కంజెనర్లు అనే మలినాలు ఎక్కువ. బాగా శుద్ధి చేసిన స్పిరిట్‌లో తక్కువ. మర్నాటి తలనొప్పిలో వాటికీ వాటా ఉంది. ఈ మాట మా శిష్యుడికి చెబితే, "మాస్టారూ, మీరు ఆ రోజు కూడా ఇలాగే పాఠం చెప్పి నన్ను ఫెయిల్ చేశారు" అన్నాడు.

అయితే ఒక్క షరతు. ఆ శుద్ధి నిజంగా జరిగి ఉండాలి. నా ఉత్తరం మొత్తం ఈ షరతు చుట్టూనే తిరుగుతుంది.

ఖరీదు పెంచితే తాగుడు తగ్గుతుందని మన రాష్ట్రం ఒకసారి నమ్మింది. 2019 అక్టోబరు నుంచి షాపులు ప్రభుత్వమే నడిపింది. 2020 మేలో ధరలు రెండు రోజుల్లో 75 శాతం పెంచారు. తెలిసిన బ్రాండ్లు మాయమై, ఎన్నడూ వినని పేర్లు వచ్చి కూర్చున్నాయి. బూమ్ బూమ్, ప్రెసిడెంట్ మెడల్ అని జనం జోకులేసుకున్నారు. ఆ ఏళ్ళలో నేను కొన్నదాని పేరు చెప్పను గానీ, గొంతు దిగేటప్పుడు సబ్బునీళ్ళ మంట. పైగా అది చౌకా కాదు. నాసిరకం మందు రుచి, ప్రీమియం మందు ధర. ఇలాంటి కలయిక ఇంకెవరికీ తట్టదు. అదే 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో షాపులు మూసి ఉన్నప్పుడు శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. ఆ వార్త చదివిన రోజు నేను గ్లాసు ముట్టుకోలేదు.

తర్వాత 2021 డిసెంబరులో అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు సోము వీర్రాజు గారు మంచి మందు సీసా 70 రూపాయలకే ఇస్తామంటే దేశమంతా నవ్వింది. నేను నవ్వలేదు. మందు మీద ఓటడగడం నాకూ నచ్చలేదు గానీ, ఆ మాటలో 70 పక్కన "మంచి" అనే ముక్క ఉంది. నవ్వినవాళ్ళందరూ అంకెనే విన్నారు.

2024 అక్టోబరులో మీరు 3,396 ప్రైవేటు షాపులు లాటరీలో ఇచ్చారు, 99కి క్వార్టర్ తెచ్చారు. 2025 ఫిబ్రవరిలో బీరు తప్ప మిగతా సీసాల మీద పది రూపాయలు పెంచినా దీన్ని ముట్టుకోలేదు. అందుకు ఒక దండం. కానీ దాన్ని మీ వాళ్ళు పేదవాడి మందు అని ప్రచారం చేశారు, షాపువాడు దాన్ని కాళ్ళ దగ్గర పెట్టెలో పెట్టాడు. రెండింటికీ సంబంధం ఉంది. ఏది అమ్మితే చేతికి నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయో అది కళ్ళ ముందు పెడతాడు, వ్యాపారం కదా. అందుకని అడుగుతున్నాను: షాపులో కళ్ళకి అందే ఎత్తులో ఒక అర 99 సీసాలకి ఉండాలని లైసెన్సు షరతుల్లోనే రాయించండి. సరుకు ఉండీ లేదన్నవాడికి జరిమానా కూడా అక్కడే రాయండి.

ఇంకా పెద్ద సంగతి నకిలీ. 2025 అక్టోబరులో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక మీరు సురక్ష యాప్ తెచ్చారు, మూత మీద కోడ్ స్కాన్ చేసి చూసుకోమన్నారు. నేను చేస్తాను. నా వెనక నిలబడే తాపీమేస్త్రీ చెయ్యడు, వాడిది నొక్కుళ్ళ ఫోను. ఆ యంత్రమేదో షాపు కిటికీలోనే పెట్టి, అమ్మేవాడే స్కాన్ చేసి చూపించాలని పెట్టండి. నకిలీ చేసేవాడు పెట్టెలు పెట్టెలు పోయేదాన్నే చేస్తాడు. అందుకని మీ ల్యాబులకు వెళ్ళే శాంపిళ్ళు ఎక్కువగా కింది అర నుంచే వెళ్ళాలి, పై అర నుంచి కాదు. ఆ ఫలితాలు నెలకోసారి షాపు గోడ మీద తెలుగులో అంటించండి. సీసా మీద ఈ స్పిరిట్ చెరకుదా ధాన్యానిదా అన్నది నా కళ్ళజోడుకి ఆనే అక్షరాల్లో వేయించండి. భూతద్దం పెట్టి చదివే వయసు కాదు, చదివించుకునే వయసు.

ఇదంతా చదివి ముసలాయన తాగుడుని సమర్థిస్తున్నాడని అనుకోకండి. మా పెద్దమ్మ ఇల్లు సారా ప్యాకెట్లతోనే పోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్లు మూయించినప్పుడు మా పెద్దమ్మ నెల్లూరు వైపు తిరిగి దండం పెట్టింది, నేను చూశాను. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో మొత్తం మద్యమే ఆగింది, 1997లో మళ్ళీ వచ్చింది. వాళ్ళు కొట్లాడింది గుమ్మం ముందుకొచ్చిన సారాతో. అందుకే 99ని 79 చెయ్యమని నేను అడగను. షాపులు పెంచమనను. మా పేటలో కిళ్ళీకొట్టు చాటున నడిచే బెల్టుషాపు మాత్రం ఎత్తించండి, అక్కడ నా సీసాయే 130.

చివరికొకటి, చిన్నదే. వంద నోటిస్తే రూపాయి తిరిగి రావాలి. ఆ శనివారం కుర్రాడు చిల్లర లేదని చాక్లెట్ ఇచ్చాడు. ఇంటికెళ్ళి మనవరాలికి ఇచ్చాను. "ఎక్కడ కొన్నావు తాతయ్యా" అనడిగింది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి నా జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడింది. దయచేసి ఆ రూపాయి సంగతి కూడా చూడండి.

ఇట్లు,
వారానికి ఒక క్వార్టర్ చొప్పున మీ ఖజానాకు పన్ను కడుతున్న
ఒక మాస్టారు, తణుకు