'సము' ఎవరు తాతయ్యా?

సంపాదకులకు నమస్కారం.

విజయవాడలో ఒక ప్రెస్సులో 22 ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటర్‌ని. కంప్యూటర్లు వచ్చాక ఆ పని పోయింది గానీ, అక్షరాలతో నా తగవు తీరలేదు. ఇప్పుడది మూడో తరగతి చదివే మా మనవరాలి దాకా వచ్చింది.

ఇంగ్లీషు మీడియం పిల్ల. గుణింతాలు గడగడా అప్పజెబుతుంది. కుక్క, ముగ్గు, రొట్టె తడుముకోకుండా చదివి, 'అత్త' దగ్గర ఆగిపోయింది. "త కింద ఇదేమిటి తాతయ్యా?" అంది. అదీ 'త'యే అన్నాను. నమ్మలేదు. అనుమానం న్యాయమైనదే. క, గ, ట వంటివి వత్తులైనా ముఖం మార్చుకోవు, తలకట్టు ఉంటే ఊడుతుందంతే. త, న, మ, య, ర, ల మాత్రం పూర్తిగా వేషం మార్చేస్తాయి. ప్రెస్సులో చేరిన కొత్తలో ఒక వత్తుకు బదులు ఇంకొకటి తీసి నేనూ తిట్లు తిన్నాను.

తరువాత తట్టింది, ఈ ఆరింటిలో అయిదు మా ఇంట్లోనే తిరుగుతున్నాయని: అమ్మ, నాన్న, అత్త, తాతయ్య, చెల్లి. ర ఒక్కటే బయటిది, దానికి చంద్రుణ్ణి పిలిచాం. పాత శుభలేఖల వెనక స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి ఎవరి కుర్చీకి వాళ్ళ చీటీ అంటించాం. చంద్రుడు కిటికీకి. చుట్టరికం తెలుసు కనుక వత్తును నోరే పట్టిచ్చింది.

మా అమ్మాయికి ఓపిక తక్కువ. పిల్ల నోరు తెరిచేలోగా మాట తనే అందించేస్తుంది. ప్రూఫు దిద్దినట్టు పిల్లలను దిద్దకూడదని నా వాదన. మొన్న 'పాన కురిసింది' అని చదివింది. నేను కిమ్మనలేదు. కాసేపాగి, "కాదు కాదు, వాన" అని తనే నవ్వింది. చుట్టాల ముందు చదివించడం కూడా వద్దన్నాను. దాని మీద ఇంట్లో ఇంకా గొడవే.

ఇక మీతో పని. మీ ఆదివారం పిల్లల కథ మేం వదలం. కానీ వరుస చివర మాటలు విరిచేస్తున్నారు. పోయిన వారం 'సముద్రం'లో 'సము' పైన, 'ద్రం' కింద పడ్డాయి. "సము ఎవరు తాతయ్యా?" అని అడిగింది. ఇరుకు కాలమ్‌లో తెలుగు మాటలు ఇమడవని నాకు తెలుసు, ఆ తిప్పలు నేనూ పడ్డాను. ఆ ఒక్క కథకైనా కుడి అంచు ఎగుడుదిగుడుగా వదిలేయండి. అక్షరం 18 పాయింట్లు వేయండి. బొమ్మ మీద మాత్రం కథ అచ్చువేయకండి. ఎర్రపూల మీద పడ్డ రవత్తును కళ్ళజోడు పెట్టుకుని నేనే పోల్చలేకపోయాను.

చోటు చాలదంటే కథ తగ్గించండి. పావు పేజీ చాలు, మాకు దానికే సాయంత్రం దాకా పడుతుంది.

– ఒక పాత కంపోజిటర్, విజయవాడ